ఇంట్లో ఎవురుండారు

మొదటి దెబ్బకు గోడ బాగానే పలికింది. ఫ్రాంక్లిన్ సుత్తి వెనక్కి తీసి, చెవి గోడకు ఆనించి, జానెడు కిందికి మళ్ళీ కొట్టినాడు, ఇంకో జానెడు కిందికి, ఇంకో జానెడు. లోపల గుండురాయి, సందుల్లో ఎర్రమట్టి, పైన గార, గార మీద అరవై ఏండ్ల సున్నం. ఇట్లాంటి గోడకు లోపం లేకపోతే దెబ్బ తిరిగి చేతికే వస్తాది. లోపల విడిపోయి ఉంటే మాత్రం శబ్దం లోపలికే పోతాది, ఖాళీ డబ్బా మీద తట్టినట్టు. ఆ తేడా చెవికి పట్టాలంటే ఎన్నాళ్ళు కావాలప్పా అని మోహన్‌కుమార్ పొద్దున ఆటోలో అడిగినాడు. ఎన్నాళ్ళేముంది నాయనా, ఇరవై రెండేండ్లు భూమి లోపల తట్టినాను, ఇరవై రెండేండ్లు భూమి పైన తట్టినాను, ఇంగా కొన్ని గోడలు నన్ను మోసం చేస్తానే ఉండాయి అంటే, పక్కన కూర్చున్న వాని పెండ్లాం అర్పిత నవ్వింది. ఆ పిల్ల ఈ ఆండర్సన్‌పేటలోనే స్కూలు టీచరు, దినమూ క్యాసంబళ్ళి నుంచి రెండు బస్సులు మారి వస్తాది. వాడు పట్టుపురుగులు మేపుతాడు. బడికి దగ్గరలో సొంత ఇల్లుండాలని ఇద్దరికీ ఆశ. పదింటికి ఆయనను ఈ గుమ్మం ముందర దించి, రాబర్ట్‌సన్‌పేటలో పని చూసుకోని పదకొండుకు వస్తామప్పా, మీరు నిదానంగా చూసి రాసి పెట్టండి అని పోయినారు. కొనేవాళ్ళ తరఫున పాత ఇల్లు చూసి, దాని రోగమూ దాని ఆయుస్సూ కాగితం మీద రాసిచ్చేది ఫ్రాంక్లిన్ పని. బంగారుపేట నుంచి కోరమండల్ దాకా ఆయనకు గోడల డాక్టరని పేరు.

ఈ డాక్టరుకు ఇంగ డాక్టరెవురు, అనుకున్నాడు మోకాలు పట్టుకొని వంగుతూ. మునుపు అలుపు పని చేసినాక వచ్చేది, ఒక చెంబు నీళ్ళు పోసుకుంటే పోయేది. ఇప్పుడు పొద్దున లేస్తూనే మంచం అంచున కూర్చొని ఎదురుచూస్తా ఉంటాది. వంగి పునాది రాళ్ళ మీద టార్చి వేసినాడు. చెదలు లేవు. చీమలు వరసగా పోతా ఉన్నాయి. ఈ ఊరిలో గోడను చూడాలంటే గోడ కింద ఉండేదీ తెలియాలి, అది మాత్రం ఆయనకు తెలుసు. బంగారు మైను, మైలుకు పైగా లోతు, అంతా తొలిచిన నేల. లోపల రాయి బరువు ఓర్చుకోలేక పగిలితే పైన ఊరంతా ఒక్కసారి ఎగిరి పడేది, ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్ళు, అరల్లో గిన్నెలు దొర్లేవి, ఆడోళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలి మైనులోకి దిగే షాఫ్ట్ దారి పట్టేవాళ్ళు, ఎవురి మొగుడు ఆ షిఫ్టులో ఉండాడో అని. మైను మూసినాక నీళ్ళు తోడేవాళ్ళు లేక లోపలంతా నిండిపోయింది, పైన నిశ్శబ్దం మిగిలింది. ముసిలోళ్ళకు మాత్రం ఇప్పటికీ పెద్ద లారీ పోతే చూపు గిన్నెల వైపే పోతాది. ఆయన చూపూ అంతే. జేబులో ఫోను అదిరితే ఉలిక్కిపడి, ఛీ, అని తీసినాడు. డెన్నిస్, ఈ ఇంటిని అమ్మేవాడు, బెంగళూరు నుంచి. పొద్దుటి నుంచి ఇది రెండోసారి. అన్నా, పాత ఇల్లంటే నాలుగు నెర్రెలుంటాయి, అవన్నీ రాసి వాళ్ళను బెదరగొట్టొద్దన్నా, మా నాయన నిన్నెట్ల చూసుకున్నాడో గుర్తు పెట్టుకో. గుర్తుంది లేప్పా, అని పెట్టేసినాడు. గుర్తుంది. డెన్నిస్ నాయన అమోసన్న మైను వర్క్‌షాపులో డ్రిల్లు కమ్మీలకు మొన తీసేవాడు, ఈ ఇల్లు తన చేతుల్తో కట్టుకున్నాడు, ఆదివారం గుడి నుంచి వచ్చినోళ్ళకు ఎవురికైనా సరే ఈ గుమ్మంలో ఒక లోటా మజ్జిగ ఉండేది. ఆయన పోయి ఎన్నేండ్లయిందో. గుడి ముందర ఎండలో శవపెట్టె మోసినప్పుడు కూడా ఈ మోకాలే నొప్పి పుట్టింది.

మిద్దెకు రాతిబండలు, ఈ జిల్లాలో పాతిండ్లకు అవే. వెదురుగడకు ఇనుప పొన్ను వేసుకొని తెచ్చుకున్నాడు, ఒక్కో బండనూ కింద నుంచి తట్టి, తల పక్కకు వంచి, కండ్లు మూసుకొని విన్నాడు. ఒకటి, రెండు, మూడు. మైను లోపల కూడా ఇట్లే తట్టేవాళ్ళు, పెద్ద ఇనుపగడలతో తల మీది రాతిని, ఆడ కూడా కండ్లు మూసుకొనే వినేవాడు, తెరిచినా పెద్ద తేడా ఉండేది కాదు. సర్వే ఆఫీసులో ఆయన పని ఒక పుస్తకం. సొరంగం రెండు గోడల్లో ఎదురెదురుగా రెండు మేకులు కొట్టి ఉంటాయి, షిఫ్టు షిఫ్టుకూ పోయి ఆ రెండింటి నడుమ దూరం కొలవాల, పుస్తకంలో రాయాల. దూరం తగ్గిందంటే గోడలు దగ్గరికి జరుగుతా ఉండాయని, మనుషులను బయటికి పిలవాలని. నాలుగు, ఐదు. ఒక దినం డబుల్ షిఫ్టు. బూట్లలో నీళ్ళు. మేకులు ఇంకా నూరడుగుల దూరం ఉండాయి, ఆయన ఒక కొయ్యదిమ్మె మీద కూర్చున్నాడు, ఒక్క నిమిషం అనుకున్నాడు, తరవాత పుస్తకం తెరిచి నిన్నటి అంకెనే మళ్ళీ రాసి పైకొచ్చేసినాడు. మరుసటి షిఫ్టులో ఆడ రాయి కూలింది. సొన్నప్ప అనే పనోని కుడికాలు మోకాటి కింద పోయింది. విచారణలో పుస్తకం చూసినారు, తేడా ఏమీ లేదు, ముందుగా తెలిసే దారి లేదు, అన్నారు. ఆ పుస్తకాన్ని ఎవురూ అనుమానించలా. ఇప్పుడు సొన్నప్ప ఊరిగాం స్టేషన్ దగ్గర వేయించిన శెనక్కాయ బుడ్డలు అమ్ముతాడు, ఫ్రాంక్లిన్ కనిపిస్తే పొట్లం చేతిలో పెట్టి, నీ పుస్తకం సరిగానే ఉండాదప్పా, నా రాతే సరిగా లేదు, అంటాడు. ఆ బుడ్డలు ఆయన ఎప్పుడూ తినలేదు, స్టేషన్ దాటినాక కుక్కలకు పోస్తాడు. ఆరో బండకు సన్నగా ఒక గీత, బరువు మోసే చోట కాదు, నీళ్ళు దిగిన గీత. రాసుకున్నాడు. ఆ దినం నుంచి కంటితో చూడనిది ఒక్క అక్షరం రాయలేదు. ఎవురికి చెప్పుకోవాల ఆ మాట, చెప్పుకుంటే ఆ నిన్నటి అంకె సంగతి కూడా చెప్పాల.

ముందర గదిలో కుట్టుమిషను ఆగింది. లూర్దమ్మ, డెన్నిస్ అక్క. యాభై ఐదు దాటినాయి, పెండ్లి చేసుకోలేదు, ముప్పై ఏండ్లుగా ఆ గదిలోనే పేట ఆడోళ్ళ రవికెలు కుడతా ఉంది, గోడకు చీటీలు, చీటీల మీద కొలతలు. టీ గ్లాసు తెచ్చి కిటికీలో పెట్టింది. అమ్మేవాళ్ళ ఇంట్లో ఆడోళ్ళు మామూలుగా వెంట తిరుగుతారు, ఇది మొన్ననే వేయించినామన్నా, అది చూడన్నా, అంటారు. ఈమె మాత్రం ఆయన ఏ గదిలో ఉంటే పక్క గదిలో ఉంది. వెనక గది చూడొచ్చునా అమ్మా, అన్నాడు. నీకు అడ్డమేముంది, అనింది. ఆ గదిలో ఒక మంచం, ఒక పెట్టె, పడమటి గోడకు పూసల దండ వేసిన మాత పటం. పటం చుట్టూ సున్నం మిగతా గోడ కంటే మందంగా ఉంది, పొర మీద పొర. ఇట్లాంటి చోటే చూడాల. అడిగి పటం దించి, చాకు మొనతో గీకినాడు. తెల్లది రాలింది, కింద నీలం, దాని కింద మళ్ళీ తెలుపు, ఆ తరవాత పైనుంచి కిందికి వంకరగా ఒక పగులు, చిటికెనవేలు దూరేంత. ఇది అట్లాంటి ఇట్లాంటి పగులు కాదు, ఇల్లు అదిరినప్పుడు విడిపోయింది. పొద్దున ఆటోలో ఆ పిల్ల నవ్విన మొహం గుర్తొచ్చింది. ఇంకా గీకినాడు. చాకు ఏదో నున్నటిదాని మీద జారింది. గోరుతో తుడిచి టార్చి వేసినాడు. గాజు. పగులుకు అడ్డంగా అతికించిన నాలుగంగుళాల గాజుపట్టీ, రెండు కొసలా ప్లాస్టర్ ముద్ద, ముద్ద మీద మేకుతో గీసిన తారీకు, పద్నాలుగు, ఎనిమిది, తొంభై ఆరు. తొమ్మిదికి తోక లేకుండా రాసే అలవాటు ఎవురిదో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

మంచం కోడు పట్టుకొని నిలబడినాడు. తొంభై ఆరు. ఆ నెల పెద్ద బ్లాస్ట్ వచ్చింది, పేటలో చాలా ఇండ్లు నెర్రెలిచ్చినాయి, పగుళ్ళ మీద గాజు అతికించి రమ్మని ఆయనను పంపించినారు. పగులు ఇంకా జరుగుతా ఉంటే గాజు పటుక్కున విరుగుతాది, జరక్కపోతే అట్లే ఉంటాది, అంతే శాస్త్రం. అమోసన్న దీపం పట్టుకున్నాడు. అప్పుడు లూర్దమ్మ ఎట్లుండేది, నడుముకు చేతులు పెట్టుకొని, పండగకు సున్నం కొట్టుకున్న గోడను ఖరాబు చేస్తాండావే, నువ్వు మనిషివా మేస్త్రివా అని తిట్టింది, అమోసన్న నవ్వి నవ్వి దీపం ఆర్పేసినాడు, చీకట్లో ముగ్గురూ. నాలుగు వారాలు వచ్చి చూసినాడు, తరవాత ఇంకో పనికి వేసినారు, మరిచిపోయినాడు. తను మరిచిపోయినా, సున్నం పొరల కింద, దేవుని పటం వెనక, ఈ గాజు మాత్రం కాపలా ఉండింది. వేలు పెట్టి ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నిమిరినాడు. విరగలేదు. ఒక్క గీత కూడా లేదు. ఇరవై ఏడేండ్లు గోడ వెంట్రుకవాసి జరగలేదు. కండ్లలో నీళ్ళు తిరిగినాయి, సున్నం పడిందనుకున్నాడు, సున్నమే కావచ్చు. గోడ బాగుంది. బాగుందమ్మా, అన్నాడు పైకే, గుమ్మంలో ఉన్న లూర్దమ్మతో. మీ నాయన కట్టిన గోడ, ఇంకో యాభై ఏండ్లకూ ఏమీ కాదు.

ఆమె మొహంలో వెలుగు రాలేదు. వచ్చి మంచం మీద కూర్చునింది.

"అన్నా, బాగలేదని రాయి."

ఆయనకు మొదట అర్థం కాలేదు.

"పగులుండాది గదా. కంటికి కనిపిస్తాండాది గదా. పెద్ద పగులు, కూలిపోతాదని రాయి. వాళ్ళు పోతారు."

"నీ తమ్ముడేమో మంచిగా రాయమంటాడు."

"వానికేం. నన్ను బెంగళూరికి తీసకపోతాడంట. మూడో అంతస్తు, హాలులో ఒక మంచం వేస్తారంట. ఈడుండే నా గిరాకీ ఆడికొస్తారా? సంతకం దినం కారు పంపిస్తానన్నాడు."

"వద్దని చెప్పలేదా?"

"అడిగింటే చెప్పుందును. వాడు అడగలేదన్నా, చెప్పినాడు. చిన్నప్పటి నుంచి వాడు చెప్పేది, మేము తల ఊపేది. ఇప్పుడు నోరు తెరుస్తామంటే మాట రాలేదు." చీర కొంగు వేలికి చుట్టుకుంటా, "నీ కాగితానికి ఎవురూ ఎదురు చెప్పరు. ఒక్క మాట రాయి. సుమ్నే, ఊరికే ఒక్క మాట," అనింది.

ఆమె ముందర గదిలోకి పోయినాక ఆయన ఆ మంచం కొసనే కూర్చొని ఫారం తీసినాడు. ఎన్నో ఏండ్ల కింద ఒక బ్యాంకు ఫారం చూసి తనే గీసుకున్నది, రాబర్ట్‌సన్‌పేటలో జిరాక్స్ తీయిస్తాడు. పునాది, గోడలు, మిద్దె, చెమ్మ, కరెంటు, నీళ్ళు పోయే దారి. ఒక్క మాట. వాళ్ళిద్దరూ చిన్నోళ్ళు, ఇది కాకపోతే ఇంకోటి దొరుకుతాది, డెన్నిస్ రెండేండ్లు తిరిగి అలిసిపోయి ఊరుకుంటాడు, ఈమె తన గదిలో తన చీటీల మధ్య ఉంటాది. ఎవురికి నష్టం? గోడకా? గోడ ఏమనుకుంటాది? నిన్నటి అంకె రాసినప్పుడు కూడా ఇట్లే అనిపించింది, ఎవురికి నష్టం, నూరడుగులే గదా. అప్పుడు ఉన్న ప్రమాదం లేదని రాసినాడు, ఇప్పుడు లేని ప్రమాదం ఉందని రాయమంటున్నారు, రెండింటికీ చెయ్యి ఒకటే, పెన్ను ఒకటే. కానీ నిజం రాస్తే ఏమవుతాది, డెన్నిస్ చెప్పినట్టు రాసినాడని ఈమె అనుకుంటాది, అమోసన్న మజ్జిగ తాగిన నోటితో కూతురిని బయటికి పంపినాడని. నిజం రాసినా ఒకరిది కూలుతాది. అబద్ధం రాసినా గోడ నిలబడే ఉంటాది. దేవుడా, ఎంత అలుపు. ఈ మంచం మీద ఇట్లే ఒరిగిపోతే బాగుండు, వాళ్ళు వచ్చి లేపేదాకా, లేపకపోయినా సరే. బయట ఎవురో ఆకుకూరలు అరుస్తా పోతా ఉన్నారు. గడియారం పదకొండుకు పది నిమిషాలు. పునాది, బాగుంది. గోడలు, పడమటి గోడకు పాత పగులు, గాజు విరగలేదు, కదలిక లేదు, భయం లేదు. మిద్దె, ఆరో బండ దగ్గర నీళ్ళు దిగుతాయి, పైన పూత వేయాల. చెమ్మ, వంటింటి మూలలో ఉంది. కరెంటు వైర్లు పాతవి, అన్నీ మార్చాల. నీళ్ళు పోయే దారి సరిగా ఉంది. చెయ్యి దానంతటదే రాస్తా పోయింది, చివరి గడి దగ్గరికి వచ్చి ఆగింది. ప్రస్తుతం ఇంట్లో ఎవరున్నారు. ఇన్నేండ్లలో ఆ గడిలో ఓనరు అనో, బాడుగ అనో, ఖాళీ అనో ఒక్క ముక్క కంటే ఎక్కువ రాసింది లేదు. ఆ ముక్క కూడా కొన్నిసార్లు ఇంట్లోవాళ్ళ మొహం చూడకుండానే రాసినాడు, గోడలు చూసేవానికి మొహాలతో ఏం పని అని. చూసిందే రాయాల అంటే, పొద్దుటి నుంచి ఈ ఇంట్లో చూసిందంతా రాయాల. పెన్ను మళ్ళీ పెట్టినాడు. లూర్దమ్మ, అమ్మేవాని అక్క. పుట్టింది మొదలు ఈ ఇంట్లోనే ఉంది. ముందర గదిలో కుట్టుపని. ఇల్లు వదిలిపోవడం ఇష్టం లేదని నాతో చెప్పింది. కింద సంతకం చేసినాడు.

ఆటో వచ్చిన శబ్దం. అర్పిత ముందు లోపలికొచ్చింది, చేతిలో అరటిపండ్లు, మోహన్‌కుమార్ వెనకనే. బాగుందా అప్పా, అంటా వాడు కాగితం తీసుకొని పైపైన చూసి, బాగుందే, అంతా బాగుందే అర్పితా, అని భార్యకిచ్చినాడు. టీచరు గదా, ఆమె కింది దాకా చదివింది. చివరి గడి దగ్గర ఆగి, పెదవులు కదిలిస్తా మళ్ళీ చదివింది. మిషను ముందర కూర్చున్న లూర్దమ్మ వైపు తిరిగింది. ఇంతకు ముందు రెండుసార్లు ఇల్లు చూడను వచ్చినప్పుడు ఆ కూర్చున్న మనిషిని ఆ పిల్ల చూసిందో లేదో.

"అక్కా, మీకు ఇల్లు అమ్మేది ఇష్టం లేదా?"

లూర్దమ్మ ఫ్రాంక్లిన్‌ను చూసింది. ఆ చూపులో ఏముందో ఆయనకు తెలుసు. నేనడిగిందేమి, నువ్వు చేసిందేమి, నా లోపలి మాట తీసి బజార్లో పెట్టినావే. ఆయన తల వంచుకోలేదు, వంచే ఓపిక కూడా లేదు. మిషను మీద గుడ్డ అట్లే సూది కింద ఉంది. వీధిలో ఆటోవాడు హారను కొట్టినాడు.

"లేదమ్మా," అనింది లూర్దమ్మ. మళ్ళీ, గట్టిగా, "ఇష్టం లేదు. నేను ఈడనే ఉంటాను."

మోహన్‌కుమార్ మొహం మాడింది. ఆ పిల్లోని మీద జాలేసింది ఫ్రాంక్లిన్‌కు, ఎన్ని ఇండ్లు తిరిగి ఉంటాడో. డెన్నిస్ ఈ సంగతి మాకు చెప్పలేదే, అన్నాడు. అడగంది ఎట్ల చెప్తాడు, అనింది అర్పిత నెమ్మదిగా, మనమూ అడగలేదు గదా. వాడు గోడను ఒకసారి అరచేత్తో తాకినాడు, అంగడిలో కుదరని గుడ్డను తిరిగి మడిచి పెట్టేటప్పుడు తాకినట్టు. వేరే ఇల్లు చూస్తాములే అప్పా, బంగారుపేటలో ఒకటుందంట, దానికి కూడా మీరే రావాల, అన్నాడు. వస్తాను నాయనా, అన్నాడు. అరటిపండ్లు లూర్దమ్మ పక్కన పెట్టి అర్పిత గుమ్మం దిగింది. మిమ్మల్ని ఇంటికాడ దింపుతాం రండి అంటే, మీరు పోండమ్మా, నేను బస్సుకు వస్తాను, అన్నాడు. ఆటో ఎక్కి వాళ్ళ ఎదురుగా కూర్చొని మాట్లాడే ఓపిక లేదు.

ఇద్దరే మిగిలినారు. "నీ మీద శానా కోపంగా ఉండాది," అనింది లూర్దమ్మ.

"ఉండనీ."

"వాడు ఊరుకోడు. ఇంకొకణ్ణి తెస్తాడు కొనేదానికి."

"తెస్తాడు. ఇంగ వానికి నువ్వే చెప్పాల. కాగితంతో అయ్యే పని కాదు."

ఆమె లేచి లోపలికి పోయి, చాప తెచ్చి వెనక గది నేల మీద పరిచి, ఒక దిండు వేసింది. "నీ మొహం చూడు ఎట్లుండాదో. బస్సు ఒంటిగంటకు. అందాకా పండుకో." వద్దనబోయి, మోకాలు పట్టుకొని చాప మీద ఒరిగినాడు. నేల చల్లగా ఉంది. ఎవురింట్లో పండుకున్నా ముందు పైకప్పును చూసి బండలు లెక్కపెట్టడం అలవాటు, సొంత ఇంట్లో కూడా అంతే. ఈసారి చూడలేదు, పక్కకు తిరిగినాడు. ఫోను మోగింది. జేబులో నుంచి తీసేలోగా ఆమె వంగి చెయ్యి చాపింది, ఇచ్చేసినాడు. "డెన్నిసూ, అన్న కాదు, నేను," అంటా ఆమె ముందర గదిలోకి నడిచింది. ఆ తరవాత ఆమె గొంతు వచ్చింది, మెల్లగా మొదలై, ఒకచోట ఆగి, మళ్ళీ మొదలైంది, ఈసారి ఆగలేదు. ఏం చెప్తా ఉందో వినాలని చెవి రిక్కించబోయినాడు ఫ్రాంక్లిన్. రెండు మాటలు అందినాయి, మూడోది అందేలోపల నిద్ర పట్టేసింది.